ఏరు ఆపిన పంతూన్లు

జైలానీ నోటికి తాళం లేదని మువార్ రేవులో అందరికీ తెలుసు. ఇప్పుడా నోటికి పుస్తకం కూడా తోడైంది. పంతూన్లంటే ప్రాస కుదిరిన మలయ్ పద్యాలు; తన మొట్టమొదటి పంతూన్ల సంపుటి అచ్చాఫీసు నుంచి వచ్చింది మొదలు దాన్ని చంకలో పెట్టుకునే తిరుగుతున్నాడు. అన్నం తినేటప్పుడు కూడా దించడంలేదని అతని భార్యే ఊరంతా చెప్పింది.

ఆ సాయంత్రం జైలానీ, తమ్రిన్ నడిపే టీ కొట్టుకొచ్చాడు. తమ్రిన్‌కి ఆదివారం కొడుకు పెళ్ళి. మగపెళ్ళివారు వెళ్ళేసరికి ఆడపెళ్ళివారు గుమ్మానికి అడ్డం నిలబడి నాలుగు పాదాల పంతూన్ ఒకటి విసురుతారు. పంతూన్‌తోనే బదులు చెబితే దారి, లేకపోతే పెళ్ళికొడుకు ఎండలో నిలబడాల్సిందే. పోయినేడాది తమ్రిన్ మేనల్లుడికి అదే గతి పట్టింది, ఊరింకా చెప్పుకుని నవ్వుతోంది. కొడుక్కి ఆ అవమానం రాకూడదని తమ్రిన్ బెంగ. ఏకంగా పుస్తకం వేసిన కవి దొరికాడు కదా అని, అడక్కుండానే జైలానీకి రెండో టీ పోశాడు.

"గొప్పేం కాదన్నా," అని మొదలుపెట్టాడు జైలానీ. "నూరు పంతూన్లు, ఒక్కదాంట్లో ప్రాస తప్పలేదు, అంతే. అచ్చాఫీసులో తప్పులు దిద్దే ఆవిడ మూడో పేజీ దగ్గర ఏడ్చేసింది, కాగితాలు తడిసిపోయి పాపం మళ్ళీ అచ్చు వేసుకున్నారు. సరే, పుస్తకం చేతికొచ్చింది కదా అని రేవు మెట్ల మీద కూచుని ఓ పంతూన్ చదివాను. మెల్లిగానే సుమా, ఎవరో వినాలని కాదు. ఏమైందనుకున్నారు? పారే ఏరు ఆగిపోయింది."

"ఆగిందా, నెమ్మదించిందా?" అన్నాడు పడవ నడిపే కాసిం.

"ఆగింది. నువ్వప్పుడు నిద్రపోతున్నావులే. చేపలన్నీ ఇటు తిరిగాయి. ఇంతలో మడ చెట్ల కిందనుంచి మొసలి, ఈ కొట్టంత మొసలి, వచ్చి గడ్డం మెట్టుకానించి కళ్ళు మూసుకుంది. మూడో పాదం దగ్గర ఊపిరి తీసుకుందామని ఆగానా, నాలుగో పాదం అదే అందుకుంది."

"మొసలికి ప్రాస కుదిరిందా?"

"కాస్త తప్పింది, నేనే దిద్దాను. ఆ తర్వాత జరిగింది వింటే మీరు టీ తాగడం మర్చిపోతారు. ఏరు ఆగితే సముద్రానికి నీళ్ళేవి? మలక్కా జలసంధిలో ఓడలన్నీ బురదలో కూరుకుపోయాయి. ఓ కెప్టెన్ మోకాటిలోతు బురదలో నడిచొచ్చి, కవిగారూ, తమరు పుస్తకం మూస్తే మేం సింగపూర్ పోతామని నా కాళ్ళ మీద పడ్డాడు. మూద్దామంటే మొసలి ఒప్పుకోదే."

తమ్రిన్ అందరితోపాటు నవ్వుతూనే లోపల లెక్క వేసుకుంటున్నాడు. ఇందులో పిసరంత నిజమున్నా తన కొడుకు గుమ్మం దాటేస్తాడు. అంతలో జైలానీ వెనక బల్ల దగ్గర అరటిపండు బజ్జీ తింటున్న సపియా మామ్మ కనబడింది. పెళ్ళికూతురి అమ్మమ్మ. ఆదివారం గుమ్మంలో అడ్డం నిలబడేది ఆవిడే. తమ్రిన్ నోరు తెరవబోతే ఆవిడ పెదవుల మీద వేలు పెట్టింది.

"ఆదివారం సంగతి నాకొదిలెయ్ అన్నా," అన్నాడు జైలానీ. "నన్ను చూస్తే ఆ గుమ్మమే పక్కకి జరుగుతుంది."

సపియా మామ్మ తీరిగ్గా వేళ్ళు తుడుచుకుని, వెనకనుంచి రాగం తీసింది.

"ఏటి గట్టున పనస తోట,
ఎండిన ఆకు ఏట్లో తేలు;
ఏటినే ఆపిందట మీ మాట,
ఇక్కడ నాకు బదులొకటి చాలు."

పంతూన్ పడ్డాక బదులు చెప్పకుండా టీ గుటక వేసేవాడు ఆ రేవులోనే లేడు. జైలానీ వెనక్కి తిరిగి, ఆవిణ్ణి గుర్తుపట్టి, గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు. పుస్తకం తెరిచి గబగబా పేజీలు తిప్పాడు. కాసిం లేచి ఏటివైపు తొంగిచూసి, పారుతూనే ఉందని చెప్పి కూచున్నాడు.

"ఆ బదులు," అన్నాడు జైలానీ చివరికి, "నా రెండో పుస్తకంలో వస్తుంది మామ్మగారూ."

"అలాగే కవిగారూ, తొందరేం లేదు," అంది సపియా మామ్మ. తమ్రిన్ వైపు తిరిగి, "బాబూ, పిల్లాడికి ఓ గొడుగిచ్చి పంపు. అది అచ్చయ్యేదాకా ఎండలో నిలబడాలి కదా."