కమరోనెస్‌లో అద్దె ఇల్లు

మెక్సికో నగరపు మెట్రోలో, ఆడవాళ్ళ పెట్టెలో, మినీబస్సు డ్రైవరైన మొగుడు ఫౌస్తీనోని వదిలి నన్‌ల ఆశ్రయంలో తలదాచుకున్న రోసాల్బా, ఆమె అక్క ఎడెల్మీరా నిలబడి ఉన్నారు.

"...పోర్తాలెస్ పేటలో ఇళ్ళకేమొచ్చిందే? పక్కనే సంత, గుమ్మంలో మెట్రో. ఇంత దూరం దేనికి?"

"ఫౌస్తీనో మినీబస్సు తిరిగే దారే అది, అక్కా."

"పోనీ నార్వార్తె?"

"అక్కడ మొన్న భూకంపానికి..."

"నువ్వు భయపడేది భూకంపానికి కాదులే."

"సరే, కాదు. అక్కడ వాడి తమ్ముడి మెకానిక్ షెడ్డుంది. చాలా?"

"ఊళ్ళో డ్రైవర్లందరూ మీ ఆయన చుట్టాలే అన్నట్టు మాట్లాడతావేమిటే!"

"చుట్టాలు కారు, స్నేహితులు. ఇస్తపలాపాలో గది తీసుకున్నప్పుడు, నేను బస్సెక్కడం చూసి వాడికి ఫోన్ చేసిందెవరు? అందుకే బస్సు మొహం చూడక్కర్లేని పేట కావాలి. మెట్రో దిగామా, నడిచి ఇంటికెళ్ళామా, అంతే. కమరోనెస్ అలాంటిదే."

"స్టేషన్‌కి రొయ్యలని పేరేమిటే, ఖర్మ! దిగితే మన మీద నిమ్మకాయ పిండి తినేస్తారేమో."

"నవ్వించకక్కా. పెదవి ఇంకా లాగుతోంది."

"ఏదీ... మానిందిలే."

"పైకి మానింది."

"మనిషి మారాడే, రోసా. తాగుడు మానేశాడు. చిక్కి సగమైపోయాడు."

"నువ్వెప్పుడు చూశావు?"

"నేనా? ఎవరో అన్నారు."

"ఎవరు?"

"ఎవరో. టోర్టిల్లా కొట్టు దగ్గర. అబ్బ, ఆ తలుపు దగ్గర తోసుకోవడం చూడు!"

"అక్కా, ఈ ఇంటి సంగతి ఎవరికీ చెప్పలేదుగా?"

"అమ్మ పోయాక నిన్ను పెంచిందెవరే?"

"నేనడిగింది అది కాదు."

"స్టేషనొచ్చింది. దిగు, దిగు."

కమరోనెస్‌లో రెండు వీధులు నడిచి ఒక నీలం గేటు తట్టారు. ఇంటావిడ బయటికొచ్చింది.

"రండమ్మా. నువ్వేనా రోసాల్బావి? ఇల్లు చూస్తే వదలవు. మేడ మీద బట్టలు ఆరేస్తే చిటికెలో ఆరిపోతాయి. నేల గట్టిది, ఏ భూకంపానికీ ఒక్క పెచ్చు రాలలేదు."

"బస్సులు ఇటు రావు కదండీ?"

"ఈ సందులోకా? సైకిలొస్తేనే గొప్ప."

"అక్కా, ఇదే తీసుకుంటాను. తాళంచెవి ఇస్తారా, ఓసారి పైకెళ్ళి చూసొస్తాం."

"నా దగ్గరేదమ్మా? పొద్దున్నే మీ ఆయన పట్టుకెళ్ళాడుగా! ఎంత నెమ్మదైన మనిషి! ఇంకా పైనే ఉన్నాడు. నువ్వొచ్చేలోగా పరదాలు కట్టేస్తానన్నాడు."

"...అక్కా."

"ఏడ్చాడే, రోసా. నా కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. ఒక్కమాట విను, ఒక్కమాట..."

"నా చెయ్యి వదులు. వదులక్కా! నా వెనకాల రాకు. ఈసారి నేను ఏ స్టేషన్‌లో దిగానో నీక్కూడా తెలియకూడదు."