విగ్గు నాదని చెప్పినా

ఎట్ల నెమ్మదిగా ఉండమంటావు షాహీదా ఆపా? ముందు షాపు తలుపు గడియ పెట్టు. కుట్టుమిషన్ మాత్రం ఆపొద్దు, మన మాటలు బయటికి ఇనపడకూడదు.

మా మేడమ్ సంగతే. ఈ దుబాయ్‌లో నాకు ఇంటిపని ఇచ్చిన ఫ్రాన్సోళ్లు, సారు ఇంజనీరు, అంతే తెలుసు నాకు. ఇంట్లో ఉన్నంతసేపు తలకు గుడ్డ బిగించి కట్టుకుంటాది. బయటికి పోతే భుజాలదాకా గోధుమరంగు విగ్గు. పాపం ఏ రోగమో అనుకున్యా. ఒకరోజు అడిగేసినా. నవ్వింది.

"రోగం కాదు సైదా. పెళ్లయినాక మా ఆడోళ్లు మొగుడికి తప్ప ఎవరికీ జుట్టు చూపరు" అనింది.

మా మాదిరే కదా అన్యా. అప్పుడు గొంతు తగ్గించి చెప్పింది, వాళ్లు యహూదీలంట, యూదులు.

అట్ల చూడొద్దు ఆపా. నాకూ బయమే. యహూదీల దేశం లెబనాన్ మీద బాంబులు ఏస్తాండాది కదా. మా వాచ్‌మన్ అమీర్ జాన్ గదిలో టీవీ ఆపేదే లేదు. సచ్చిన పిల్లోళ్లను చూసి జనం పండ్లు కొరుకుతాండారు. అట్లాంటప్పుడు మా ఫ్లాట్లో ఎవరుండారో తెలిస్తే? ఆ యమ్మ ఎవరికేం చేసిందని ఎవరు అడుగుతారు?

ఈపొద్దు మేడమ్ విగ్గు కడిగి బాల్కనీలో ఆరబెట్టింది. ఇసకగాలి లేసింది. ఎత్తుకొనిపోయి కార్ల మధ్యన పడేసింది.

అమీర్ జాన్ దాన్ని పట్టుకొని వచ్చి తలుపు కొట్టినాడు. వెనకాల ఇద్దరు ముగ్గురు, వేడుక చూసేదానికి. "ఇది మీ మేడమ్‌ది కదా, ఆమెకేమిటికి?" అంటాడు. మేడమ్ వంటింట్లో తలుపు చాటున నిలబడుకోనుంది.

"నాది" అన్యా.

ఆలోచించి కాదు ఆపా, నోట్లోనుంచి వచ్చేసింది. టైఫాయిడ్‌కు జుట్టంతా రాలిపోయింది భాయ్, మేడమ్ తన జుట్టు రంగుదే కొనిచ్చింది అన్యా. తలమీద దుపట్టా ఉండె కాబట్టి సరిపాయ. ఆయప్ప తల దించుకొని, మాఫ్ కరో బెహన్ అని ఇచ్చేసి పోయినాడు.

మేడమ్ నన్ను పట్టుకొని ఏడ్చింది. చెల్లెలా అనింది. నువ్వు కూడా నన్ను మంచిదాన్ని అనుకోవద్దు. ప్రేమతో అనలే. వాళ్లు పోతే నా వీసా పోతాది. వీసాకు పూచీ ఉండే కఫీలు, ఊరికి తోలేసే విమానం, అన్నీ ఒకేసారి కండ్ల ముందర తిరిగినాయి. ఆ బయంతో అన్యా.

ఇప్పుడు అమీర్ జాన్ జాలిపడి బిల్డింగంతా చెప్పినాడు. పై అంతస్తులో వాసంతక్క ఉందే, మన కర్నూలామె, రేపు తానే వచ్చి నా తలకు మూలికల నూనె రుద్దుతాదంట. వద్దంటే ఇనలే. ఆడమనిషి ముందర దుపట్టా తీసేదానికేమి అంటే ఏం చెప్పేది?

నవ్వద్దు ఆపా. చూడు, జడ నడుము దాటింది.

ఆ కత్తెర తీసుకో. పైపైన కాదు, మొదలంటా. ఊర్లో మా ఆయన అడిగితే ఇక్కడి నీళ్లకు రాలిపోయిందని చెప్తాలే. దుబాయ్ నీళ్లకు అందరికీ రాలుతాండాది కదా.