డాక్టరమ్మ దగ్గర భీమయ్య ఇంగ్లీషు

"రెండు వేల మూడో ఏడు, వానాకాలం. మన అడవి దవాఖానాకు కేరళ నుంచి డాక్టరమ్మ వచ్చింది. ఆమెకు మన మాట ఒక్కటి రాదు, మన జనానికేమో ఇంగ్లీషు ముక్క రాదు. నేనప్పుడు ఆడ గేటు కాడ చీటీలు రాసిచ్చేటోణ్ణి. ఇద్దరి మధ్య మాట చెప్పే నర్సు నాగలక్ష్మి వాగు అవతల ఊరికి పోయింది. అప్పుడే ఒక ముసలాయన మూడు రోజుల జరంతోటి వణుక్కుంట వచ్చిండు. డాక్టరమ్మ ఏదో అడిగింది, ఆయన బిక్కమొహం వేసిండు. నేను తలుపు సందుల నుంచి 'ఫీవర్ మేడమ్, త్రీ డేస్' అన్న. అంతే, ఆమె కుర్చీల నుంచి లేచి నిలబడ్డది."

ఇట్లా మొదలుపెట్టాడు భీమయ్య. దుమ్ముగూడెం రోడ్డు మీద ఆజం హోటల్ ముందు బల్ల మీద దూలయ్య, నేను కూర్చున్నాం. విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్ట దించుకుని ముత్తక్క గోడ నీడన చాయ్ తాగుతోంది. ఆ దవాఖానా మూతబడి రెండేళ్లయింది. భీమయ్య నోట్లో మాత్రం రోజూ తెరిచే ఉంటుంది.

"ఇగ ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? నేను పక్కన లేంది ఆమె ఒక్క రోగి చెయ్యి పట్టేది కాదు. సత్తుపల్లి నుంచి, నేలకొండపల్లి నుంచి జనం బస్సులు కట్టుకొని వచ్చుడు. లైను గేటు దాటి, ఊరు దాటి గోదారి దాకా పోయింది. ఎనకొచ్చినోళ్లు పడవల నిలబడ్డరు."

"పడవ కదలదా, మామా?" అన్నాడు దూలయ్య.

"లైను కదిలితేనే పడవ కదిలేది. విను ముందు. తండా నుంచి రామ్‌సింగ్ అని ఒకాయనను తెచ్చిండ్రు, పుట్టు మూగ. నేను పది నిమిషాలు ఇంగ్లీషు మాట్లాడిన. లేచి 'థాంక్యూ' అన్నడు. రాను రాను మందులు కూడ అక్కర లేకపాయె, జరాన్ని చూసి 'గెటవుట్' అంటే దిగిపొయ్యేది. ఈ ముచ్చట లండన్ దాకా పోయింది. పెద్ద పెద్ద డాక్టర్లు విమానంల దిగిండ్రు."

"విమానం యాడ దిగింది?" ఆజం గ్లాసులు కడుగుతూ అడిగాడు.

"మన మిరప చేన్ల. కాయ ఒక్కటి రాలలే. రోగులతోని ఎట్ల మాట్లాడాల్నో మాకు నేర్పు, మా దేశం రా అని బతిమాలిండ్రు. నేను పోతే గేటెవరు తీస్తరని పోలే. మనుషులదేముంది, ఒకరోజు అడవిల నుంచి ఎలుగుబంటి కుంటుకుంట వచ్చి లైన్ల నిలబడ్డది. చీటీ రాసిచ్చి 'వేర్ ఈజ్ ద పెయిన్' అన్న. కాలు లేపి ముల్లు చూపిచ్చింది."

అప్పుడు ముత్తక్క గ్లాసు కింద పెట్టింది.

"పెయిన్ అన్నవా, భీమన్నా?"

భీమయ్య తన చాయ్ గ్లాసు అందుకున్నాడు.

ముత్తక్క మా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. ఆ వానల్లోనే ఆమెకు నొప్పులు మొదలై రెండు రోజులైనా కాన్పు కాలేదట. నలుగురు మంచం మీద మోసుకొచ్చి దవాఖానాలో దించారు. డాక్టరమ్మ వంగి పెయిన్, పెయిన్ అని అడిగింది. పక్కన నిలబడ్డ భీమయ్య, తలల పేన్లున్నయా అని అడుగుతుందమ్మా అన్నాడు. అంత బాధలోనూ ముత్తక్క కొప్పు విప్పి చూపించింది.

ఆజం నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

"డాక్టరమ్మ కోపం జెయ్యలే," అంది ముత్తక్క. "నా పక్కన నేల మీద కూసున్నది. నా చెయ్యి తీసి తన చేతిల పెట్టుకున్నది. నొప్పి వచ్చినప్పుడు నేను గట్టిగ పిసికితే గడియారం చూసేది, వదిలితే తల ఊపేది. పొద్దంత గట్లనే మాట్లాడుకున్నం. దీన్ని మీరేమంటరని సైగ చేసి అడిగింది. నొప్పి అన్న. అరచేతిల రాసుకున్నది. తెల్లారి మంచం మంచం కాడికి పోయి 'నోపీ ఉందా అమ్మా' అని అడిగింది."

డాక్టరమ్మ గొంతు మా అందరికీ గుర్తే. మా అమ్మను కూడా ఆమె అట్లాగే అడిగింది.

"ఆమె ఎన్నేండ్లున్నా నోపీ అనే అన్నది," అన్నాడు భీమయ్య మెల్లగా.

"పేన్ల మాట చెప్పి నువ్వు సిగ్గుతోని బయటికి పోయినవ్. పారిపోయినవనుకున్న," అంది ముత్తక్క. "బిడ్డ ఎదురుకాళ్లతోని ఉన్నది, డాక్టరమ్మ ఒక్కదాని వల్ల అయితలేదు. పొద్దుగూకే ముందు నువ్వు నాగలక్ష్మిని తోలుకొచ్చినవ్. నిండు వాగుల లారీ ట్యూబు మీద ఆమెను కూసోబెట్టి ఈదుకుంట వచ్చినవట. ఆమె చెప్తెనే ఎరిక నాకు. నా శ్యామల ఇయ్యాల బడికి పోతుంది. రోజూ ఇన్ని చెప్తవు గద, అది ఎన్నడు చెప్పవేంది?"

భీమయ్య ఖాళీ గ్లాసు ఆజంకి అందించి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"అండ్ల చెప్పనీకి ఏమున్నది, ముత్తక్కా," అన్నాడు.