గార పట్టని కాఫీ యంత్రం

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూన్ పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం, కార్యాలయం తెరిచే వేళకు ఇంకా ఇరవై నిమిషాలు ఉండగానే నీటి సరఫరా శాఖ ప్రయోగశాల మెట్లమీద కూర్చుని, తాళం తీసేవారి కోసం ఎదురుచూసిన పాతికేళ్ళ యువకుడే, ముప్ఫై ఐదేళ్ళ అవిచ్ఛిన్న సేవానంతరం ఈ ఆగస్టు ముప్ఫై ఒకటవ తేదీన పదవీ విరమణ చేస్తున్న మన ప్రధాన విశ్లేషకులు. అభినందన సంచికకు వ్యాసం రాయడమంటే నాలుగు మంచి మాటలు ఏరి కూర్చడమే కదా అనుకున్న మన సంపాదకవర్గం, గత రెండు నెలలలో జరిగిన దానినుంచి ఇంకా తేరుకోలేదు. ఆ విషయం వదిలేసి రాద్దామని వారు ఎంతగానో నచ్చచెప్పారు. అది లేకపోతే నా పేరిట వ్యాసమే వద్దని ఆయన భీష్మించుకు కూర్చున్నారు. కనుక ఉన్నదున్నట్టు రాయక తప్పడం లేదు.

ఉద్యోగంలో చేరిన తొలి ఏడేళ్ళూ ఆయన నీటి నమూనాల పరీక్షలో మునిగి తేలారు. నీటిలో కరిగి ఉన్న సున్నం మోతాదును, అంటే కాఠిన్యాన్ని, కొలవడంలో ఆయనకు సాటి వచ్చేవారు లేరు. గాజు నాళంలోంచి ద్రావణాన్ని బొట్లు బొట్లుగా వదులుతూ, ఫ్లాస్కులోని ఎర్రటి నీళ్ళు నీలంగా మారే ఆ ఒక్క బొట్టు దగ్గర టక్కున ఆపగలిగిన చెయ్యి అది. పక్కన టెలిఫోను మోగినా, పైకప్పు కారినా ఆ చెయ్యి చలించేది కాదు.

తొంభై ఆరులో ఒక ఫిర్యాదుదారు తమ కుళాయి నీళ్ళను నూనె సీసాలో పట్టి తెచ్చారు. ఆ జిడ్డు చూసి శాఖ యావత్తూ గగ్గోలెత్తిపోయింది. సగం రోజు పాటు ఒక వాడ మొత్తానికీ నీళ్ళు ఆపేశారు. అసలు సంగతి బయటపడ్డాక ఆయన ఒక నియమం పెట్టారు: మన సీసా, మన చెయ్యి, మన కుళాయి. ఎవరు ఏ పాత్రలో నీళ్ళు తెచ్చినా ముట్టుకునేది లేదు. ఎక్కడినుంచి ఫిర్యాదు వచ్చినా, ప్రయోగశాల సీసాలో, ప్రయోగశాల ఉద్యోగి స్వయంగా, శాఖ గుర్తించిన దగ్గరి కుళాయినుంచి పట్టి తెచ్చిన నీళ్ళకే పరీక్ష. అప్పటినుంచీ ఆయనకు సీసాగారు అన్న పేరు స్థిరపడింది. కొత్తవాళ్ళు ఆ పేరు విని ఇంకేదో అనుకుని గుసగుసలాడుకునేవారు గానీ, ఆయన కాఫీ తప్ప మరొకటి ఎరగని మనిషి.

రెండు వేల నాలుగులో, నమూనాలు పట్టవలసిన పన్నెండు కుళాయిల జాబితాను స్వహస్తాలతో తయారుచేశారు. రెండు వేల పదకొండులో ప్రధాన విశ్లేషకులయ్యారు. ఆ పైన నెలనెలా వెలువడిన ప్రతి నివేదికమీదా ఆయన సంతకమే. మన నీళ్ళు మెత్తని నీళ్ళని, కాఠిన్యం ఎన్నడూ లీటరుకు అరవై మిల్లీగ్రాములు దాటలేదని ఆ నివేదికలు చెప్పేవి. సీసాగారు సంతకం పెట్టారంటే పై అధికారులు కాగితం తిప్పి కూడా చూసేవారు కారు.

రెండు వేల పంతొమ్మిదిలో, ముప్ఫై ఏళ్ళ సేవకు గుర్తుగా మనందరం కలిసి ఆయనకు ఒక కాఫీ యంత్రం బహూకరించాం. వెనక నీళ్ళ తొట్టి, ముందు కాఫీపొడి నింపిన క్యాప్సూల్ పెట్టే గూడు, మీట నొక్కితే ఒక్క కప్పు కాఫీ. దానితోపాటు వచ్చిన చిన్న పుస్తకంలో, వాడకాన్నిబట్టి రెండు మూడు నెలలకొకసారి లోపల పేరుకునే సున్నపు గార తీయాలని రాసి ఉంది. ఆ పేజీ చదివి సీసాగారు నవ్వారట. నాటినుంచి సమావేశాల్లో ఆయన నోట ఒకే మాట. "ఏడాదైంది, రెండేళ్ళైంది, ఐదేళ్ళైంది. ఒక్కసారి గార తీస్తే ఒట్టు. ఇంకా రుజువు కావాలా మన నీళ్ళకి?" మనమూ చప్పట్లు కొట్టాం. పాపం, ఆ యంత్రం మాత్రం ఏమంటుంది!

ఈ సంవత్సరం జూన్ మొదటి వారం‌లో వారి శ్రీమతి, చెల్లెలి మోకాలి ఆపరేషన్‌కు సాయంగా వెళ్ళి ఏడు వారాలు అక్కడే ఉండిపోయారు. ఇంట్లో సీసాగారు ఒక్కరే. జూలై మూడో వారంలో ఒక ఉదయం కాఫీ యంత్రంమీద నారింజరంగు దీపం మిణుకుమిణుకుమనడం మొదలుపెట్టింది. మీట నొక్కితే లోపల ఎవరో మూలుగుతున్నట్టు చప్పుడు. కప్పులోకి దిగింది మూడు చెంచాల గోరువెచ్చని గోధుమరంగు నీళ్ళు. ఆయన శ్రీమతికి ఫోను చేశారు.

"యంత్రం పాడైపోయిందే. ఏదో దీపం వెలుగుతోంది."

"పాడవ్వలేదండీ, గార పట్టింది. ముందు ప్లగ్గు తీసి చల్లారనివ్వండి. తొట్టి ఖాళీ చెయ్యండి. క్యాప్సూల్ పెట్టకండి. గట్టుమీద ఎర్రమూత డబ్బాలో నిమ్మ ఉప్పుంది, లీటరు నీళ్ళకి రెండు చెంచాలు కరిగించి తొట్టిలో పొయ్యండి. కింద పెద్ద గిన్నె పెట్టండి."

"నిమ్మ ఉప్పా?"

"వినండి ముందు. ప్లగ్గు పెట్టి సగం దింపండి. ఆపేసి అరగంట వదిలెయ్యండి. తర్వాత మిగతాది దింపండి. ఆ పైన రెండు తొట్ల మామూలు నీళ్ళు పోనివ్వాలి, లేకపోతే కాఫీ పుల్లగా వస్తుంది. క్యాప్సూల్‌కి చిల్లు పెట్టే సూది ఉంటుంది చూడండి, దాని కన్నం పిన్నీసుతో పొడవండి. చెయ్యి జాగ్రత్త. కింద పళ్ళెం కూడా తోమండి, అందులో బూజు పడుతుంది."

"నీకివన్నీ ఎలా తెలుసు?"

"ఐదేళ్ళుగా చేస్తున్నా, తెలియకేం? నెలకోసారి, మీరు శనివారం ఆఫీసుకెళ్ళాక."

"నాతో ఒక్క మాట చెప్పలేదే!"

"చెప్పానండీ, రెండుసార్లు. మీరు రిపోర్టు తెచ్చి చూపించారు. రిపోర్టు పోస్తే కాఫీ దిగదు కదా, అందుకని నా పని నేను చేసుకున్నా."

ఆయన చెప్పినది చెప్పినట్టు చేశారు. అరగంట తరువాత గిన్నెలోకి దిగిన నీళ్ళలో కోడిగుడ్డు పెంకు ముక్కల్లాంటి తెల్లటి పెచ్చులు తేలాయి. వాటిని అరచేతిలోకి తీసుకుని సీసాగారు వంటింటి కిటికీ దగ్గర వెలుగులో తిప్పి చూశారు. ఆరేడు వారాల వాడకానికే ఇంత గార! ముప్ఫై ఐదేళ్ళు కొలిచింది దీన్నేనా? ఆయన కాఫీ ఫ్లాస్కు కడిగి, వంటింటి కుళాయి నీళ్ళు పట్టుకుని ఆఫీసుకు బయలుదేరారు.

ఆ ఉదయం ప్రయోగశాలలో ఉన్నవారెవరూ ఆ దృశ్యాన్ని మరిచిపోలేరు. కాఫీ ఫ్లాస్కులో నీళ్ళు పట్టుకుని సాక్షాత్తూ సీసాగారే లోపలికి వచ్చారు. ఆయన దగ్గరే పని నేర్చుకున్న జూనియర్ విశ్లేషకురాలు అలవాటుకొద్దీ అడ్డు చెప్పింది.

"సార్, ఇది మన సీసా కాదండి. తీసుకోకూడదు."

"తెలుసమ్మా. అయినా చూద్దాం."

ఆ నీళ్ళను ప్రయోగశాల గాజు ఫ్లాస్కులో పోసి రంగు వేశారు. నీళ్ళు ఎర్రబడ్డాయి. గాజు నాళంలోంచి బొట్లు రాలసాగాయి. రోజూ మూడు మిల్లీలీటర్ల దగ్గర నీలమయ్యే నీళ్ళు మూడు దాటినా ఎర్రగానే ఉన్నాయి. ఐదు, ఎనిమిది, పన్నెండు. ద్రావణం పాడైందేమోనని జూనియర్ విశ్లేషకురాలు పరుగున వెళ్ళి కొత్త సీసా తెచ్చింది. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అంతే. పంతొమ్మిది మిల్లీలీటర్ల దగ్గర గానీ నీలం రాలేదు. కాఠిన్యం మూడువందల ఎనభై! మధ్యాహ్నం అదే వంటింటి కుళాయినుంచి ప్రయోగశాల సీసాలో, ప్రయోగశాల మనిషే వెళ్ళి పట్టి తెచ్చిన నీళ్ళకూ అదే అంకె వచ్చింది.

కారణం కనుక్కోవడానికి రెండు రోజులు పట్టింది. పదకొండేళ్ళ క్రితం నీళ్ళు చాలక, ఎగువ వీధి గొట్టానికి ఒక బోరుబావిని కలిపారు. ఆ బోరు నీళ్ళు నిండా సున్నమే. ఆ సంగతి ఇంజనీర్ల కాగితాల్లో ఉంది గానీ ప్రయోగశాలకు ఎవరూ చెప్పలేదు, ప్రయోగశాలా అడగలేదు. ఎగువ వీధికి దగ్గరగా జాబితాలో ఉన్న కుళాయి, బోరు కలిసే చోటికి నలభై అడుగుల ఇవతల ఉంది. ఆ నలభై అడుగులూ దాటి మన సీసా ఏనాడూ వెళ్ళలేదు. సీసాగారు ఎగువ వీధిలో ఇల్లు కట్టుకుని తొమ్మిదేళ్ళుగా అవే నీళ్ళు తాగుతున్నారు.

విషయం తెలిసి కార్యనిర్వాహక ఇంజనీరుగారు స్వయంగా వచ్చి, తలుపు దగ్గరగా వేసి, ఆయన మంచి కోరే మాట్లాడారు. "ఇంకా ఐదు వారాలే కదండీ. మచ్చ లేకుండా వెళ్ళిపోండి. వాల్వు మూయించేస్తాను, బోరు ఆగిపోతుంది, నీళ్ళు బాగుపడతాయి. పాతవన్నీ తవ్వుకోవడం ఎందుకు?"

సీసాగారు ఊగిసలాడలేదని రాస్తే అబద్ధమవుతుంది. ముప్ఫై ఐదేళ్ళు ఆయన కూడబెట్టుకున్నది ఆ మచ్చలేని పేరొక్కటే. ఆ రోజంతా భోజనం డబ్బా మూత తీయలేదు. మర్నాడు పాత ఫిర్యాదుల దస్త్రాలు తెప్పించుకుని చదివారు. ఎగువ వీధినుంచి ఇరవై మూడు ఉత్తరాలు. ఇరవై మూడింటికీ ఆయన జవాబులు. వాటిలో ఒక డ్రాయింగ్ మాస్టారికి పదేళ్ళ క్రితం రాసిన జవాబు దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. "నీటి కాఠిన్యం పరిమితికి లోబడియే యున్నది. పాత్రలపై తెల్లని పొర, వాటిని సక్రమముగా తోమకపోవుట వలన ఏర్పడి యుండవచ్చును." ఆ వాక్యం రాసిన గుర్తు కూడా ఆయనకు లేదు.

అదే సాయంత్రం నివేదిక రాశారు. పదకొండేళ్ళుగా తాను ఎగువ వీధి గురించి ఇచ్చిన ధ్రువపత్రాలన్నీ తప్పని, నమూనా జాబితా సవరించకపోవడం తన లోపమేనని, ఎవరి పేరూ కలపకుండా సంతకం చేశారు. శాఖ ఆ లోపాన్ని ఆయన సర్వీసు రిజిస్టరులో నమోదు చేసింది. ముప్ఫై ఐదేళ్ళలో ఆ పుటల్లో పడిన మొదటి మచ్చ అదే. బోరు మూతపడింది. జాబితాలోకి ఎగువ వీధి కుళాయి చేరింది. మనలో కొందరికి ఇదంతా చోద్యంగానే తోచింది. ఒకరిద్దరు ఆయనకు మతి చలించిందని కూడా అన్నారు. అన్నవారు ఈ వ్యాసం చదువుతారు గనుక ఇక్కడితో ఆపుదాం.

ఆయన మాత్రం ఆగలేదు. ఆ ఇరవై మూడు ఉత్తరాలూ సంచిలో పెట్టుకుని, ఆఫీసు అయ్యాక ఒక్కొక్క ఇంటికే వెళ్ళసాగారు. కొందరు తిట్టారు. కొందరు నవ్వి పంపారు. రెండిళ్ళు చేతులు మారాయి. చిట్టచివరికి, ఆగస్టు ఇరవై తొమ్మిదిన, డ్రాయింగ్ మాస్టారి ఇంటి తలుపు తట్టారు. తోడు వెళ్ళిన జూనియర్ విశ్లేషకురాలు చెప్పగా మనకు తెలిసిన సంగతులివి.

తలుపు తీసింది మాస్టారి భార్య. డెబ్బై దాటిన మనిషి. చేతిలో తడి గిన్నె ఉంది. సీసాగారు గుమ్మంలో నిలబడే సంగతంతా చెప్పారు. ఆమెకు మొదట అర్థం కాలేదు.

"అంటే బాబూ, గిన్నెలమీద ఆ తెలుపు నీళ్ళదా?"

"నీళ్ళదేనమ్మా. నేనే తప్పు రాశాను."

ఆమె గోడకు చేరగిలబడిపోయారు. "పదేళ్ళు బాబూ. తోమిన గిన్నె మళ్ళీ తోమాను. మీ ఉత్తరం వచ్చిన రోజునుంచీ ఈయన నన్ను వదల్లేదు. కోడలొస్తే కోడలి ముందు, చుట్టాలొస్తే చుట్టాల ముందు, గిన్నె ఎత్తి వెలుగులో చూపించి, దీనికి గిన్నె తోమడం రాదు, గవర్నమెంటే రాసిచ్చింది అనేవారు. నిజంగానే నాకు చాతకాదేమో అనుకున్నా."

సీసాగారు ఆమె ముఖంలోకి చూడలేక గిన్నెవైపే చూస్తూ, మాస్టారితో తాను స్వయంగా మాట్లాడి చెబుతానన్నారు.

"నోటిమాట ఆయన నమ్మరు బాబూ. ఇన్నాళ్ళూ నేను చెబితే నమ్మారా? కాగితమే నమ్మారు. రాసివ్వండి. ముద్ర వేసి మరీ ఇవ్వండి."

సీసాగారు సంచిలోంచి శాఖ కాగితం తీసి, అక్కడే అరుగుమీద కూర్చుని రాశారు. "ఈ గృహమునందలి పాత్రలపై ఏర్పడిన తెల్లని పొర నీటి దోషమే గాని, పాత్రలు తోమిన వారి దోషము ఎంతమాత్రము కాదు. లోగడ నేను వ్రాసినది తప్పు." కింద తేదీ వేసి సంతకం పెట్టారు. మర్నాడు పొద్దున్నే ఆఫీసులో ఆ కాగితానికి వరుస సంఖ్య, ముద్ర వేయించి తిరిగి తెచ్చి ఇచ్చారు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ చదివి, కాగితం పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళారు. వీరు మెట్లు దిగుతుండగా ఆ గదిలోంచి మాస్టారి ముసలి గొంతు, "ఇంకోసారి చదువు," అంది.

ముప్ఫై ఐదేళ్ళ ఉద్యోగ జీవితంలో మన ప్రధాన విశ్లేషకులు సంతకం చేసిన ఆఖరి పత్రం అదే. దాని నకలు మన దస్త్రాలలో ఉంది. ఈ సంచికను చదివే ఆయన కుటుంబ సభ్యులకు, సహోద్యోగులకు మా మనవి ఒక్కటే: ఆయనను తలచుకున్నప్పుడల్లా ఆ నకలును కూడా తలచుకోండి. ఆయన, ఆయన శ్రీమతి ఆరోగ్యంతో, ఆనందంతో చిరకాలం వర్ధిల్లాలనీ, మనుషులు చెప్పిన మాటను కాగితం అడగకుండానే నమ్మే నిండు నూరేళ్ళు ఆయనకు దక్కాలనీ, ఆ నమ్మడమేదో సొంత ఇంటినుంచే మొదలవ్వాలనీ ప్రయోగశాల సిబ్బంది యావన్మందీ మనసారా కోరుకుంటున్నారు.