కోడలి పేరు మీద పట్టిన మిణుకులు

నా పేరు శీనమ్మ. భర్త సైమన్, చనిపోయి పదకొండేళ్లయింది. ఆధార్ కార్డులో నా వయసు అరవై తొమ్మిది అని ఉంది. అంతకన్నా రెండు మూడు ఎక్కువే ఉంటాయి. కాపురం ఉదయగిరిలో, దుర్గం కింది కాలనీలో. ఇంట్లో నేను, కొడుకు దయాసాగర్, కోడలు కృపారాణి ఉంటాం. కొడుకు సోమశిలలో చేపల పడవ మీద పనిచేస్తూ ఆదివారం ప్రార్థనకు మాత్రం ఇంటికి వస్తాడు. నాకు చదువు లేదు. ముప్పై ఏళ్లు మేకలు కాశాను. మోకాళ్లు పోయాక, నాలుగేళ్ల కిందట మేకలను అమ్మేశాం.

ఈ రోజు 18-07-2025, శుక్రవారం, ఉదయం పదకొండు గంటలకు ఆత్మకూరు పోలీసు స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ తిరుపాలు గారి ఎదుట ఇది చెప్పి రాయిస్తున్నాను. తేదీలు కోడలు గుర్తు చేసింది. వారాలు, వేళలు నావే.

ఇక్కడ బస్టాండు వెనక మేడ మీద కంప్యూటర్ సెంటర్ నడిపే మల్లికార్జున, నా కోడలు తనను మోసం చేసిందని కేసు పెట్టాడు. ఆమె తన పేరు మీద వేరే మనిషితో పని చేయించి, దొంగ పని పంపిందని అతని ఫిర్యాదు. ఆ వేరే మనిషిని నేను. పని చేసింది నేను. అది దొంగ పని కాదు.

పని ఏమిటో ముందు చెబుతాను. ఎక్కడో పెద్ద ల్యాబులో, మనిషి కఫంలో మెరిసే నలుసులు కలిపి, గాజు పలక మీద వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి వరసగా ఫొటోలు తీస్తారట. ఊపిరితిత్తులకు ఇచ్చే మందు కఫాన్ని దాటి పోగలదా, అందులోనే ఇరుక్కుంటుందా అని తెలుసుకోవడానికట. ఫొటో అంతా నల్లగా ఉంటుంది. నలుసులు పచ్చగా మిణుకుమంటాయి. నేను వాటిని మిణుకులు అంటాను. ఒక్కో కట్టలో రెండు వందల ఫొటోలు. మొదటి ఫొటోలోని మిణుకు రెండోదానిలో ఎక్కడికి పోయింది, మూడోదానిలో ఎక్కడికి పోయింది అని కంప్యూటరే చూసి గీత కలుపుతుంది. ఒక్కో మిణుకుకు ఒక్కో రంగు గీత. కంప్యూటర్ తప్పు కలిపిన చోట మనిషి దిద్దాలి. కోడలి ఉద్యోగం అదే. సెంటర్ వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్‌లో ఇంటి దగ్గరే చేసేది. అందులో చదవాల్సింది లేదు, రాయాల్సింది లేదు. చూసి నొక్కాలి.

జూన్ 9 సోమవారం కృపారాణికి కంటి నల్లగుడ్డు మీద పుండు లేచిందని నెల్లూరు డాక్టరు చెప్పాడు. ఆరు వారాలు కంప్యూటర్ చూడొద్దన్నాడు. ఆ సాయంత్రం నాలుగున్నరకు ఇంటి ముందు మంచం మీద కూర్చుని మల్లికార్జునకు ఫోన్ చేసింది. ఒక కన్ను కట్టి ఉంది, రెండోదాని నుంచి నీరు కారుతోంది. అందుకని ఫోన్ నేను పట్టుకున్నాను, స్పీకర్ పెట్టించింది. అతను అన్న మాట ఇది:

"ఆరు వారాలా? అన్నాళ్లు నీ సీటు ఖాళీగా పెట్టుకుంటానా మే? మీ ఇంట్లో ఎవురితోనన్నా నొక్కించుకో. నాకు ఫైళ్లు రావాల."

నా చెవులతో విన్నాను. మా ఇంట్లో ఎవరున్నారు? నేనే.

జూన్ 11 బుధవారం ఉదయం పది గంటలకు కూర్చున్నాను. రెండు రోజులు మౌసు నా మాట వినలేదు. నా చెయ్యి ఒక చోట, బాణం ఒక చోట. కోడలు మంచం మీద కళ్లు మూసుకుని పడుకుని చెప్పేది.

"అత్తా, ఎర్ర గీత యాడ ఆగింది?"

"ఆగలా. నీ కంప్యూటర్ దాన్ని తీసకపోయి పక్కదానికి కట్టింది."

"దగ్గిరుండేదానికే కడతాది అత్తా. దానికి తెలిసింది అంతే."

"దగ్గిరుంటే అదే అయిపోతాదా? మన మేక పక్కన పెంచలమ్మ మేక నిలబడితే, పెంచలమ్మది మనదయిపోతాదా?"

"నవ్వించొద్దు అత్తా. కన్ను మంట."

తర్వాత చేయి కుదిరింది. రోజూ పది నుంచి ఒంటిగంట వరకు, మూడు నుంచి అయిదు వరకు చేశాను. ఆదివారాలు చేయలేదు. ప్రతి మిణుకుకు ఒక నడక ఉంటుంది. ఒకటి ఉన్నచోటే వణుకుతుంది, అది ఇరుక్కున్నది. ఒకటి తిన్నగా పోతుంది. ఒకటి రెండడుగులు వేసి వెనక్కి వస్తుంది. రెండు కలిసి మళ్లీ విడిపోయినప్పుడు కంప్యూటర్ దీని రంగు దానికి, దాని రంగు దీనికి వేసేది. నేను పది ఫొటోలు వెనక్కి, పది ఫొటోలు ముందుకు పోయి నడక చూసి దిద్దేదాన్ని. మూడో వారంలో ఒక కట్టలో మిణుకులన్నీ ఒక్కసారిగా, ఒకే దూరం కుడిపక్కకు జరిగాయి. ఇరుక్కున్నవి కూడా జరిగాయి. ఇరుక్కున్నది ఎట్లా నడుస్తుంది? నడిచింది మిణుకులు కాదు, కింద గాజు పలక జరిగింది అని కోడలికి చెప్పాను. ఆమె మంచం మీద లేచి కూర్చుంది. తర్వాత దానికి వేరే గుర్తు ఉందని, ఎక్కడ నొక్కాలో చెప్పింది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. మిణుకు మూడు ఫొటోల్లో కనిపించకపోతే అది పోయినట్టే, మళ్లీ వస్తే కొత్త రంగు వేయాలి. ఇది సెంటర్ రూలు. కృపారాణి నాకు ఈ రూలు చెప్పింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు చెప్పింది. నేను వినలేదు. మిణుకు మాయమయ్యే ముందు మసకబారి కాస్త ఉబ్బుతుంది. అంటే లోతుకు దిగింది. పైకొచ్చేటప్పుడు కూడా ముందు మసకగా, ఉబ్బెత్తుగానే వస్తుంది. మేక వాగులోకి దిగి అవతల తేలితే దానికి కొత్త పేరు పెడతామా? దిగిన చోటు, తేలిన చోటు, నడక మూడూ కుదిరితే పాత రంగే వేశాను. కుదరకపోతే కొత్త రంగు వేశాను. ఇట్లా ముప్పై ఒక్క కట్టలు పూర్తి చేశాను.

జూలై 14 సోమవారం మల్లికార్జున కోడల్ని సెంటర్‌కు పిలిపించాడు. కన్ను బాగాలేదని నేనూ తోడు పోయాను. ఆ మేడ మెట్లు ఇరవై రెండు. పదిన్నరకు పైకి చేరాను.

"నీ గీతలు ఇంత పొడుగు ఎట్లొచ్చినాయి? అందరివీ తునకలు తునకలుగా ఉండాయి. ఇంతసేపు ఒక్కదాన్ని ఎవురూ పట్టుకోలేరు, ఇది కల్పించింది అంటా ఉండారు ల్యాబు వాళ్లు."

కృపారాణి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. అతను నా వైపు చూసి నవ్వాడు.

"అవ్వా, నీకు అ ఆలు కూడా రావంట గదా?"

"ఆ మిణుకులకి మాత్రం వచ్చునా నాయనా?"

అక్కడ పని సరిచూసే అమ్మాయి సుస్మిత ఉంది. కంప్యూటరే తయారుచేసిన ఉత్తుత్తి కట్ట ఒకటి ఉందని, అందులో ఏ మిణుకు ఎటు పోయిందో ముందే తెలుసునని, అది అవ్వ చేత చేయిద్దామని అంది. పదకొండు ఇరవైకి కూర్చుని పన్నెండు యాభైకి లేచాను. నలభై మిణుకులు. ముప్పై ఏడు సరిగా పట్టాను. కంప్యూటర్ ఒక్కటే పడితే ఇరవై రెండు. సుస్మిత గట్టిగానే చదివింది. మల్లికార్జున అది గాలివాటం అన్నాడు. సుస్మితను పోయి అన్నం తినమన్నాడు. ఎవరితోనన్నా నొక్కించుకోమని తానే అన్న సంగతి ల్యాబు వాళ్లకు చెప్పలేడు కదా. బుధవారం కేసు పెట్టాడు.

ఈ రోజు మా కాలనీ ఓబమ్మ తోడుగా ఆరున్నర బస్సుకు బయలుదేరి వచ్చాం. పది గంటలకు ఈ స్టేషన్ వరండాలో మల్లికార్జున ఒక కాగితం ఇచ్చాడు. అప్పటికే టైపు చేసి తెచ్చాడు. కోడలు ఒంటికంటితో చదివింది. "నేను చదువురాని ముసలిదానను. కోడలు నిద్రపోవుచుండగా తెలియక ల్యాప్‌టాప్‌పై నొక్కితిని." వేలిముద్ర వేస్తే కేసు తీసేస్తానన్నాడు. సీటు కూడా తిరిగి ఇస్తానన్నాడు.

"వేసేయి అత్తా. ఒక్క మాటే గదా."

"ఏ మాట?"

"తెలియక అని."

నేను అలసిపోయి ఉన్నాను. మోకాళ్లు వాచి ఉన్నాయి. వేసేద్దామనే అనుకున్నాను. ఇంకు డబ్బీ తెరిచి పెట్టాడు, వేలు కూడా అద్దాను. అద్దిన తర్వాత అడిగాను, అయితే ఆ ముప్పై ఒక్క కట్టలు ఏం చేస్తారని.

"చెరిపేస్తాం అవ్వా. ఏం తెలీకుండా నొక్కినవి ఏం చేసుకుంటాం? మళ్లా మామూలుగా చేపిస్తాం."

మామూలుగా అంటే తునకలు తునకలుగా. నేను వేలు చీర కుచ్చెళ్లకు తుడుచుకున్నాను. మరక పోలేదు, ఇప్పుడు తిరుపాలు గారికి చూపిస్తున్నాను.

కృపారాణి నా మీద కోపంతో గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆమెకు కేసు పోవాలి, పని కావాలి. ఆమె తప్పు పట్టను. కొంతసేపటికి అటు తిరిగే అంది:

"చెప్పేటట్టయితే సగం చెప్పొద్దు అత్తా. ఆయన ఫోన్‌లో ఏమన్నాడో అది గూడా చెప్పు."

అందుకే అంతా చెప్పాను. నా కోడలు నిద్రపోలేదు. నేను తెలియక నొక్కలేదు. ఆమె పేరు మీద నేను పని చేసిన మాట నిజం, మల్లికార్జున చెప్పినందునే చేసిన మాట కూడా నిజం. మూడు ఫొటోల రూలు తప్పింది నేను. దానికి ఏ శిక్ష ఉంటే అది నాకు వేయండి.

ఇంకొకటి ఉంది. జూలై 4 శుక్రవారం మూడు గంటల తర్వాత చేసిన కట్టలో, కింద ఎడమ మూలన రెండు మిణుకులు కలిసి విడిపోయాయి. ఆ పూట కాళ్లు పీకి, వెనక్కి పోయి చూడటానికి ఓపిక లేక, ఉజ్జాయింపుగా నీలం ఒకదానికి, పసుపు ఒకదానికి వేశాను. అవి తారుమారు అయి ఉండవచ్చు. ఇక్కడ తిరుపాలు గారు రాయడం ఆపారు.

"అవ్వా, ఇది నిన్ను ఎవురూ అడగలేదే. నువ్వే నీ కేసు చెడగొట్టుకుంటా ఉండావు."

"రాయి నాయనా. ఆ ఒక్కటి మళ్లా చూసుకోమను. తక్కినవాటికి నేనుండాను."

ఇందులోని మాటలు నావి. తిరుపాలు గారు చదివి వినిపించగా ఒక్కొక్కటే విని సరేనన్నాను. ఎవరూ నన్ను భయపెట్టలేదు, ఆశ పెట్టినది పైన చెప్పాను. ఎక్కడ అడిగినా ఇదే చెబుతాను.

శీనమ్మ ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
ఓబమ్మ, ఉదయగిరి (వేలిముద్ర)
సుస్మిత, ఆత్మకూరు, పై సెంటర్‌లో పని సరిచూసే ఉద్యోగి. మధ్యాహ్నం ఒంటిగంటా పదికి తనంతట తానే వచ్చి, పూర్తిగా చదివి చేసిన సంతకం.