గుట్ట మీద చావు డోలు

నవ్వుతున్నానని పెళ్ళాం మీద కోపమెందుకు, తదాలా నాన్నా? పొద్దున్నుంచి ఎండలో నిలబడి వచ్చారు, కూర్చోండి. మొక్కజొన్న న్సిమా ముద్ద చల్లారిపోతోంది. అయినా నవ్వక ఏం చెయ్యమంటారు నన్ను? వరదొస్తే పారిపోవాలని నేర్పడానికి డోలు కొట్టిస్తే, ఊరు ఊరంతా వచ్చి ఏటి ఒడ్డునే కూర్చుందా?

అది కూడా ఎంత పద్ధతిగా వచ్చారో. ఆడవాళ్ళు నెత్తిన పిండి గంపలతో, మగవాళ్ళు కట్టెల మోపులతో. కుండలు, చాపలు కూడా తెచ్చారటగా. ఊరి పెద్ద వాకిట్లో, అదే ఏటి ఒడ్డునున్న మీ మేనమామ వాకిట్లో కూలబడి, "ఎవరు పోయారు?" అని అడిగారట. మీరేమో మైకు పట్టుకుని, ఎవరూ పోలేదు, ఇది రిహార్సల్ అన్నారు.

ఊరి పెద్ద వాకిట్లో డోలు మోగితే చావని షిరే ఏటి లోయలో పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. మీకూ తెలుసు. ఆ వాకిట్లోనే పెరిగారు కదండీ. నదుల ఇంజనీరయ్యాక మరిచిపోయారా, లేక మరిచిపోతేనే ఆ ఉద్యోగం ఇస్తారా?

మీరు చెప్పనక్కర్లేదు, జరిగింది నాకు తెలుసు. మొదట సైరన్లు పెట్టారు. వాటి సోలార్ పలకలు ఎవరో ఎత్తుకుపోయి సెలూన్లో పెట్టుకున్నారు. అప్పుడు మీ కమిటీలో ఎవరికో స్థానిక సంస్కృతి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. డోలు పెడదాం, ఫొటోలో బాగుంటుంది అన్నారు.

నేను అప్పుడే అడిగాను. ఏ దెబ్బ కొట్టిస్తున్నారండీ, పెళ్ళిదా, చావుదా అని. డోలంటే డోలే అన్నారు. కాలేజీలో చావు పాటలు చెప్పుకుని బతికేదాన్ని, నదుల సంగతి నాకేం తెలుసు? ఆ పాటలు కూడా పనికిరాని చదువని మా శాఖని ఈ ఏడు ఎత్తేస్తారట. చెబితే మీరు "పోనీలే" అని పేపరు తిరగేశారు.

సరే, ఇప్పుడేం చేస్తారు? ఎగువన కురుస్తోంది. శనివారానికి నీళ్ళు ఊళ్ళోకి వస్తాయని ఏట్లో పెట్టిన మీ మీటర్లే అంటున్నాయి. వాటిని నేనెప్పుడూ తప్పుపట్టలేదు. సముద్రం వేడెక్కి తుఫాన్లు పెరిగాయని మీరు చెబితేనే నాకూ తెలిసింది. కానీ మీ మీటర్ల మాట ఊళ్ళో ఎవరికి పట్టింది? పోయినసారి ఫోన్లకి మెసేజీలు పంపారు, ఒక్కరు కదల్లేదు. మీ అమ్మని మామిడిచెట్టు మీంచి పడవలోకి దించుకున్నాం. ఇవాళ్టితో డోలు మాట కూడా పోయింది. శనివారం మళ్ళీ కొడితే, ఇంజనీరు ఆడుకుంటున్నాడులే అని పడుకుంటారు.

ఇదిగో, నవ్వడం ఆపేశాను.

ఒక్కటి ఆలోచించండి. పిండి, కట్టెలు, కుండలు, చాపలు. వరద శిబిరానికి ఇంకేం కావాలి? ముసలీ ముతకా, పిల్లా జెల్లా, అవన్నీ మోసుకుని ఎవరూ బతిమాలకుండానే వచ్చారు. వరదంటే రారు, చావంటే వస్తారు. రాకపోతే రేపు తమ గోతి దగ్గరికి ఎవరూ రారని భయం. ఆ డోలేదో బడి ఉన్న గుట్ట మీద మోగించుంటే ఊరంతా గుట్టెక్కేది కదా.

ఆగండి, అంత తేలిక కాదు. ఇవాళ మోసపోయారు, ఇక పేరు చెప్పందే కదలరు. గుట్ట మీద ఎవరి శవం ఉందని చెబుతాం? బతికున్నవాళ్ళని పోయారంటే ఏ ఇంటివాళ్ళు ఊరుకుంటారు?

అందుకే మధ్యాహ్నం మీ అమ్మకి ఫోన్ చేశాను. అవును, మీకు చెప్పకుండానే. పొద్దున ఆవిడా వచ్చిందట పిండి గంపతో. మీరు చూడనేలేదట. నేను చెప్పిందంతా విని, "నా పేరు చెప్పించు" అంది.

వద్దత్తా అన్నాను. "ఈ ఊళ్ళో నేను వెళ్ళని చావు లేదు. నా చావుకి రానివాడెవడో చూస్తాను" అంది. మళ్ళీ ఏడు వరదొస్తే ఎవరి పేరు చెబుతామంటే, "అప్పటికి నిజంగానే పోయుంటాన్లే" అని నవ్వింది. ఊరి పెద్దని, తన తమ్ముణ్ణి కూడా ఆవిడే ఒప్పించింది. మీ మేనమామ ఒకటే షరతు పెట్టాడు. పెద్దకొడుకు వచ్చి డోలు పక్కన కూర్చోవాలట. కొడుకు లేని చావుని ఎవరూ నమ్మరట.

అదీ సంగతి. రేపు పొద్దున్నే జీపులో మనిద్దరం వెళ్తున్నాం. మీటర్లు వాటి పని అవి చూసుకుంటాయి.

అలా చూడకండి నావైపు. ఆవిడకేం కాదు. ఊరంతా గుట్టెక్కేదాకా బడి గదిలో దుప్పటి ముసుగేసుకుని పడుకుంటుంది. తర్వాత లేచి కూర్చుని అందరి చేతా తిట్లు తింటుంది.

ఫోన్ పెట్టేసేముందు ఒకటడిగింది. "మావాడు ఏడుస్తాడా?" అంది.

ఏడుస్తాడత్తా అన్నాను. మరేం చెప్పను?