గాజులో ఎరుపు

నాంపల్లి స్టేషన్ ఎదుటి గల్లీలో యేసుదానం కాలేజీ ప్రయోగశాలలకు గాజు గొట్టాలు ఊది ఇచ్చేవాడు. పరిశోధన చేస్తున్న జానకి, అతను అతికిచ్చిన గొట్టాల్లో గాలి తగలకుండా దాచిన పదార్థం ఇప్పటికి రెండుసార్లు పాడైంది. తప్పు తన అతుకులదేనేమోనని అతనికి లోలోపల బెంగ. ఆ మధ్యాహ్నం ఆమె నవ్వుతూ కొట్లోకి రావడం చూసి అతని ప్రాణం కుదుటపడింది.

“నిలబడిందండీ! వారమైనా రంగు మారలేదు.”

“అయితే నా గాజు గాలిని ఆపిందన్నట్టు! జర చూపియ్యమ్మా. అబ్బ, గింత ఎరుపా! ఏంది గిది?”

“నికెల్ అండీ.”

“అర్ధరూపాయి బిళ్ళల ఉంటది, గా నికెలా? గది తెల్లగుంటది గద?”

“అదే. కర్బన పరమాణువులతో కొత్తరకం ఉంగరం తయారుచేశాను. ఒక్కో ఉంగరం మధ్యలో ఒక్కో నికెల్ పరమాణువు చిక్కుకుని కూర్చుంది. ఇలాంటి ఉంగరం నికెల్‌కి ఇంతవరకూ ఎవరూ తొడగలేదు.”

“ఉంగరం తొడిగితేనే రంగు మారిందా?”

“గుణం కూడా మారిందండీ. గాలి తగిలితే క్షణంలో నల్లబడిపోతుంది. ఈసారీ పోతే వేరే పని చూసుకోమన్నారు మా సారు.”

“గట్లన్నడా! మరి నాకు చెప్పకపోతివి?”

“చెబితే అతికేటప్పుడు మీరు కంగారుపడతారని చెప్పలేదు. ఇదిగో, ఈ చిన్న గొట్టం మీకే. ఇందులో నాలుగు పలుకులున్నాయి. పగలగొడితే రంగు మారడం కళ్లారా చూడొచ్చు.”

యేసుదానం గాజు కోసే ఆకురాయి అందుకున్నాడు. గొట్టం మెడమీద ఆనించి, అలాగే ఆగిపోయాడు.

“వద్దమ్మా. నా అతుకు దాటి గిది గాలికి ఎన్నేండ్లకు దొరుకుతదో, గదే చూస్త.”